పిహెచ్‌డి సినాప్సిస్ రాయడం ఎలా? కౌలు రైతు అంశాన్ని చేతిలో పెట్టుకుని, మొదటి నుంచి

నేను మొదటిసారి రాసిన సినాప్సిస్ (పరిశోధన మొదలుపెట్టే ముందు కమిటీకి ఇచ్చే ప్రతిపాదన) పేరు "ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల సమస్యలు – ఒక అధ్యయనం". పద్దెనిమిది పేజీలు, స్పైరల్ బైండింగ్. కమిటీలో ఒక పెద్దాయన లోపలి పేజీ ఒక్కటి కూడా తిప్పలేదు. అట్ట మీద పేరు చదివి "ఏ ఊరు? ఏ సమస్య? ఎవర్ని అడుగుతావు?" అన్నారు. నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. ఆ సాయంత్రం ఆయన మీద చాలా కోపం వచ్చింది. ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పేదే సినాప్సిస్ అని అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఇది సాంఘిక శాస్త్రాల్లో, అంటే అర్థశాస్త్రం, సోషియాలజీ, రాజనీతి, జర్నలిజం లాంటి శాఖల్లో పిహెచ్‌డి సినాప్సిస్ రాయబోయేవాళ్ల కోసం. ఎంఏ ప్రాజెక్టుకీ దారి ఇదే, కొలత తగ్గించుకోండి. అంశం లేకుండా పద్ధతి చెబితే నేల విడిచి సాము చేసినట్టుంటుంది కాబట్టి, నన్ను ఒకసారి బోల్తా కొట్టించిన ఆ కౌలు రైతు అంశాన్నే తీసుకుని చివరిదాకా నడుద్దాం.

ముందు నిబంధనల కాగితం

రాయడం మొదలుపెట్టకముందే మీ యూనివర్సిటీ పిహెచ్‌డి ఆర్డినెన్స్, మీ శాఖ ఇచ్చే సినాప్సిస్ నమూనా తెచ్చుకోండి. పేజీల పరిమితి, శీర్షికల వరుస ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. సీనియర్ దగ్గర తెచ్చుకున్న పాత కాపీ పాత నిబంధనలది కావచ్చు.

మొత్తానికి పునాది 2022 నాటి యూజీసీ నిబంధనలు. పిహెచ్‌డికి కోర్స్ వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, అడ్మిషన్ తేదీ నుంచి గరిష్ఠంగా 6 ఏళ్లు. మహిళలకు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికి మరో 2 ఏళ్లు వెసులుబాటు ఉంది. కోర్స్ వర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు. మీ ప్రతిపాదనను చూసి అంశాన్ని ఖాయం చేసేది రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ. ప్రతి సెమిస్టర్‌లో మీరు దాని ముందు నిలబడి పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. సినాప్సిస్ ఒకసారి దాటేసే గేటు కాదన్నమాట. మూడేళ్ల తర్వాత కూడా "ఇది చేస్తానన్నావు కదా" అని అదే కాగితం ముందు పెడతారు. చేయగలిగిందే రాయండి.

అంశం నుంచి ప్రశ్నకు

"కౌలు రైతులు" అన్నది అంశం. "కౌలు రైతుల సమస్యలు" అన్నా అంశమే, కాస్త పొడుగైంది. రెండింటిలోనూ ప్రశ్నార్థకం పెట్టే చోటు లేదు. మన యూనివర్సిటీల్లో "ఒక అధ్యయనం", "ఒక పరిశీలన", "సమస్యలు – సవాళ్లు" అనే తోకలు తగిలించడం అలవాటు. ఆ తోక కత్తిరించినా శీర్షిక అర్థం మారకపోతే, లోపల ప్రశ్న లేదన్నట్టే.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది? జరగాల్సింది జరగని చోట. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో లైసెన్స్‌డ్ కల్టివేటర్స్ చట్టం వచ్చి, కౌలుదారుకు రుణ అర్హత కార్డు అన్నారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలల ఒప్పందం, దాని మీద భూ యజమాని సంతకం, ఆపైన సీసీఆర్సీ కార్డు, అంటే పంట సాగుదారు హక్కు కార్డు. యజమాని భూమి హక్కుకు ఏ ఢోకా లేదని చట్టమే చెబుతోంది. అయినా యజమాని సంతకం పెట్టడానికి వెనకాడుతున్నాడని ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఎందుకు? అదీ ప్రశ్న.

శీర్షికను నేను మూడుసార్లు రాశాను. మొదటిది పైన చెప్పిందే. రెండోది "గుంటూరు జిల్లాలో సీసీఆర్సీ కార్డుల అమలు". ఊరు వచ్చింది గానీ ప్రశ్న రాలేదు. మూడోది: "యజమాని సంతకం: కృష్ణా పశ్చిమ డెల్టాలోని మూడు గ్రామాల్లో కౌలుదారులకు సీసీఆర్సీ కార్డు అందడం, అందకపోవడం వెనక కారణాలు". పొడుగే. కానీ ఎక్కడ, ఎవరు, ఏమిటి అని అడిగే పని కమిటీకి లేకుండా పోయింది.

రాయకముందే రెండు రోజులు ఊళ్లో

ఈ మెట్టు ఏ నమూనా పత్రంలోనూ ఉండదు. నా మటుకు నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఏ ఊళ్లో పనిచేయాలనుకుంటున్నారో అక్కడికి వెళ్లండి. ప్రశ్నపత్రం వద్దు. టీ కొట్టు దగ్గర, సొసైటీ ఆఫీసు మెట్ల మీద, ఎరువుల కొట్టు ముందు కూర్చోండి. ఊళ్లో వ్యవసాయ సహాయకుణ్ని, వీఆర్వోను పలకరించండి.

ఆ రెండు రోజుల్లో దొరికేవి గ్రంథాలయంలో దొరకవు. ఉదాహరణకు మాటలు. మీరు ప్రశ్నపత్రంలో "కౌలు మొత్తం" అని రాసుకుని వెళ్తారు. అక్కడ "మక్తా ఎంత?" అంటారు. పంటలో వాటా పద్ధతికి కొన్నిచోట్ల "కోరు" అనే మాట ఉంది. వరి కౌలు రూపాయల్లో కాదు, బస్తాల్లో మాట్లాడతారు, బస్తా అంటే 75 కిలోలు. సార్వాకి (ఖరీఫ్ పంట) ఒక లెక్క, దాళ్వాకి (రబీ పంట) ఇంకో లెక్క. ఈ మాటలు తెలియకుండా రాసిన ప్రశ్నపత్రం మొదటి ఇంట్లోనే బోర్లా పడుతుంది.

ఇంకొకటీ బయటపడుతుంది. కౌలుదారు అంటే ఒక రకం మనిషి కాదు. సెంటు భూమి లేకుండా నాలుగెకరాలు కౌలుకు చేసేవాడు ఒకడు. సొంతం రెండెకరాలు పెట్టుకుని మరో ఐదు కౌలుకు తీసుకున్నవాడు ఇంకొకడు. రెండోవాడికి పట్టాదారు పాసుపుస్తకం ఉంది, దాని మీద ఎంతోకొంత పంట రుణం పుడుతుంది. మొదటివాడికి కార్డు లేకపోతే వడ్డీ వ్యాపారే దిక్కు. ఇద్దర్నీ ఒకే గాట కడితే మీ ఫలితం రెండింటికీ కాని సగటు అవుతుంది.

ముందు రాసినవాళ్లు ఏం చెప్పారు

పూర్వ పరిశోధనల సమీక్ష అనగానే చాలామంది పేరు, సంవత్సరం, మూడు వాక్యాల సారాంశం అంటూ పెళ్లి పత్రిక కింద బంధుమిత్రుల పేర్లు వేసినట్టు వేసుకుంటూ పోతారు. కమిటీ దాన్ని చదవదు. మీ ప్రశ్నకు ఎవరెవరు ఏ జవాబు ఇచ్చారో, ఆ జవాబులు ఎక్కడ ఒకదానితో ఒకటి తగవు పడుతున్నాయో చెప్పండి.

మన అంశానికి చదవాల్సిన వరస ఇలా ఉంటుంది. చట్టాల వైపు: ఆంధ్ర ప్రాంతానికి 1956 కౌలు చట్టం, తెలంగాణ ప్రాంతానికి 1950 చట్టం, ఆపైన 2011, 2019 చట్టాలు. విధానం వైపు: కోనేరు రంగారావు భూ కమిటీ నివేదిక, నీతి ఆయోగ్ 2016లో తెచ్చిన నమూనా కౌలు చట్టం. ఊళ్ల వైపు ఒక మంచి ఆధారం ఉంది. అప్పటి గుంటూరు జిల్లా అనంతవరంలో పుచ్చలపల్లి సుందరయ్య 1974లో సర్వే చేశారు. అదే ఊరిని ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ వాళ్లు 2005-06లో మళ్లీ ఇంటింటికీ తిరిగి చూశారు. ముప్పై ఏళ్ల తేడాతో ఒకే ఊరి లెక్కలు దొరకడం మామూలు సంగతి కాదు. పోలికకు తెలంగాణ ఉంది. అక్కడ 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే తప్ప కౌలుదారుకు అందలేదు.

ఇంతకుముందు ఎవరైనా ఇదే చేశారేమో చూడటానికి శోధ్‌గంగలో వెతకండి, అక్కడ పూర్తయిన థీసిస్‌లు ఉంటాయి. ఆమోదం పొందిన సినాప్సిస్‌ల కోసం శోధ్‌గంగోత్రి వేరే ఉంది. రెండూ ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపేవే, డబ్బు కట్టక్కర్లేదు. "కౌలు" అని తెలుగులో, "టెనెన్సీ" అని ఇంగ్లిష్ లిపిలో, రెండు విధాలా వెతకండి. చదివిన ప్రతిదాన్నీ అదే రోజు జొటెరోలోకి (రిఫరెన్సులు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) ఎక్కించండి. ఆఖరి రాత్రి రిఫరెన్సులు చేత్తో కొట్టుకునేవాళ్ల అవస్థ పగవాడికీ వద్దు.

"ఈ అంశం మీద ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు" అని మాత్రం రాయకండి. కమిటీలో ఎవరో ఒకరు చేసే ఉంటారు.

ఒకే ప్రశ్నకు పోటీపడే జవాబులు

సినాప్సిస్‌కు ప్రాణం ఇక్కడుంది. యజమాని ఎందుకు సంతకం పెట్టడు? ఊళ్లో వినిపించే కారణాలు మూడు.

ఒకటి, భయం. కాగితం మీద సంతకం పెడితే రేపు కౌలుదారు భూమి నాదంటాడేమోనని. రెండోది, లెక్క. ఆ భూమి మీద యజమానే పంట రుణం తీసుకుని ఉంటాడు, పంట సాయం కూడా తన ఖాతాలోనే పడుతోంది. సంతకం పెడితే అవి పోతాయని. మూడోది, దూరం. యజమాని హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. సంతకానికి ఇష్టం ఉందో లేదో తర్వాత సంగతి, అసలు మనిషే దొరకడు.

మూడూ నిజం కావచ్చు. కానీ ఒక్కోటీ నిజమైతే ఊళ్లో కనిపించాల్సింది వేరు. భయమే కారణమైతే, భూమి ధర ఎక్కువున్న, పట్టణానికి దగ్గరి ఊళ్లో కార్డులు తక్కువ ఉండాలి; అయినవాళ్లకు ఇచ్చిన కౌలులో ఎక్కువ ఉండాలి. లెక్కే కారణమైతే, యజమాని రుణం తీసుకున్న సర్వే నంబర్లలో కార్డులు ఉండకూడదు, తీసుకోని వాటిలో ఉండాలి. దూరమే కారణమైతే, ఊళ్లో ఉండే యజమానుల కౌలుదారులకు కార్డులు ఎక్కువగా ఉండాలి. ఇక్కడ తమాషా ఏమిటంటే, రెండో కారణం, మూడో కారణం ఎదురుబొదురుగా నిలబడతాయి. ఊళ్లోనే ఉండే యజమాని సొసైటీలో రుణం తెచ్చుకునే అవకాశం ఎక్కువ కాబట్టి, లెక్క నిజమైతే ఊళ్లో యజమాని దగ్గరే కార్డు కష్టం కావాలి. ఇలా ఒకదాన్ని ఒకటి కొట్టేసే జవాబులు దొరికాయంటే మీ దగ్గర పరిశోధన ఉన్నట్టే.

శాఖ "పరికల్పనలు" అని ఒక శీర్షిక ఇస్తే అక్కడ రాయాల్సినవి ఇవే. "కౌలు రైతులు అనేక ఇబ్బందులు ఎదుర్కొంటున్నారు" అనేది పరికల్పన కాదు. అది తప్పని తేలే మార్గం ఎక్కడా లేదు.

లక్ష్యాలు మూడు చాలు. కార్డు ఉన్న, లేని కౌలుదారుల మధ్య తేడాలు నమోదు చేయడం. యజమానుల కారణాలను వాళ్ల నోటి నుంచే తెలుసుకుని సర్వే లెక్కలతో సరిచూడటం. కార్డు ఉన్నవాళ్లకు బ్యాంకు రుణం నిజంగా అందిందో లేదో చూడటం. "ప్రభుత్వానికి సూచనలు చేయడం" అని నాలుగోది చేర్చమని గైడ్ అంటారు. చేర్చండి, దానికి పోట్లాట వద్దు.

పద్ధతి: ఇక్కడ ఎన్ని పేజీలైనా ఖర్చుపెట్టండి

ఊళ్ల ఎంపికకు కారణం రాయండి. "పరిశోధకుడి సౌలభ్యం" అని రాస్తే నిజాయితీ తప్ప ఇంకేమీ లేదు. మన పరికల్పనలే ఊళ్లను ఎంచిపెడతాయి: కాలువ మొదట్లో నీటికి కొదవలేని ఊరు ఒకటి, కాలువ శివారున దాళ్వాకి నీళ్లు వస్తాయో రావో తెలియని ఊరు ఒకటి, భూమి ధరలు పెరిగిన పట్టణం పక్క ఊరు ఒకటి.

తర్వాతది పెద్ద చిక్కు. కౌలు చాలావరకు నోటిమాట. కాబట్టి కౌలుదారుల జాబితా ఏ ఆఫీసులోనూ పూర్తిగా ఉండదు. కార్డులు తీసుకున్నవాళ్ల జాబితా ఉంటుంది, ఏ పొలంలో ఏ పంట ఉందో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదు ఉంటుంది. కానీ మీకు కావాల్సింది అందులో లేనివాళ్లు కూడా. జాబితా మీరే తయారుచేసుకోవాలి. ప్రతి గడపకూ వెళ్లి నాలుగే ప్రశ్నలు: సొంత భూమి ఎంత, కౌలుకు తీసుకున్నది ఎంత, కౌలుకు ఇచ్చింది ఎంత, కార్డు ఉందా. ఇంటికి ఐదారు నిమిషాలు. నాలుగు వందల గడపల ఊరైతే, తాళం వేసిన ఇళ్లకు మళ్లీ తిరగడంతో కలిపి వారం పది రోజుల పని.

ఆ జాబితాను కార్డు ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని రెండుగా విడదీసి, ఒక్కో వైపు నుంచి చీటీలు తీసి ఊరికి పదిమంది చొప్పున తీసుకుంటే మూడు ఊళ్లకు 60 మంది. వీళ్లతో వివరంగా మాట్లాడాలి. ఇక్కడ చాలామంది జారిపడతారు. రెండు వైపుల నుంచీ సమానంగా తీసుకున్నారు కాబట్టి, "60 మందిలో 30 మందికి కార్డు ఉంది, అంటే ఊళ్లో సగం మందికి ఉంది" అనకూడదు. ఊళ్లో ఎంతమందికి ఉందో చెప్పేది గడప గడప జాబితా. ఎందుకు ఉంది, ఎందుకు లేదు అని చెప్పేది ఈ 60. సినాప్సిస్‌లోనే ఈ ఒక్క వాక్యం రాసి పెడితే, గణాంకాలు తెలిసిన సభ్యుడు ఆ తర్వాత మిమ్మల్ని గౌరవంగా చూస్తాడు. 60 మంది లెక్కలతో పదిహేను చలరాశుల రిగ్రెషన్ చేస్తామని కూడా రాయకండి. అడ్డపట్టికలు (రెండు విషయాలను ఎదురెదురుగా పెట్టి లెక్కించే పట్టికలు), వాటిలో కనిపించే తేడా యాదృచ్ఛికమా కాదా చూసే కై-స్క్వేర్ పరీక్ష చాలు.

యజమానుల్ని వదిలేయకండి. ఈ అంశం మీద రాసేవాళ్లు కౌలుదారు గోడు విని తిరిగొచ్చేస్తారు. సంతకం పెట్టాల్సిన మనిషి అవతల ఉన్నాడు. ఊళ్లో ఉన్నవాళ్లు పదిమంది, ఊరు దాటినవాళ్లు పదిమంది. విదేశాల్లో ఉన్నవాళ్లతో వాట్సాప్ కాల్ చేయొచ్చు. పండక్కి వచ్చినప్పుడు పట్టుకుంటే ఇంకా మంచిది.

ప్రశ్నపత్రం ముసాయిదా సినాప్సిస్‌కు జతచేయండి. అడిగినా అడగకపోయినా. ప్రశ్న ఎలా అడగాలో ఒక్కటి చూపిస్తాను. "మీరు చెల్లించే కౌలు ఎంత?" అంటే "ఏదో, అందరిలాగే" అంటారు. దాన్ని విడగొట్టండి. "పోయిన సార్వాకి ఎకరానికి ఎన్ని బస్తాలు కొలిచారు? కుప్ప నూర్చాక కొలిచారా, ముందే డబ్బు కట్టారా? దాళ్వా పంటకి వేరే ఇచ్చారా? పంట పోతే తగ్గించారా?" ఇప్పుడు లెక్క వస్తుంది. అలాగే "కార్డు ఉందా" అని అడిగి ఊరుకోకండి. ఆధార్ నుంచి ఆరోగ్యశ్రీ దాకా ఇంట్లో పది కార్డులు ఉంటాయి. "ఒకసారి చూపిస్తారా" అని అడిగి తేదీ రాసుకోండి. 11 నెలలు దాటిపోయిన కార్డును కూడా "ఉంది" అనే చెబుతారు.

ప్రభుత్వ లెక్కలు కూడా కావాలి. జాతీయ నమూనా సర్వే 77వ రౌండు 2018-19 వ్యవసాయ సంవత్సరానిది. ఇంటింటి డేటా కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కానీ దాని నిర్వచనం చదవండి: ఏడాదికి 4,000 రూపాయలకు మించి వ్యవసాయ ఉత్పత్తి ఉండి, ఇంట్లో ఒకరైనా వ్యవసాయంలో స్వయం ఉపాధి పొందుతుంటేనే అందులో "వ్యవసాయ కుటుంబం". మీ నిర్వచనం, వాళ్ల నిర్వచనం వేరైతే పోలిక ఎలా చేస్తారో రాయాలి. మండలాల వారీ కార్డుల సంఖ్యకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి; 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి సినాప్సిస్ రాసే రోజుల్లోనే పెట్టేయండి. 2019 చట్టానికి ఆ తర్వాత ఏమైనా మార్పులు వచ్చాయేమో కూడా సమర్పించే వారంలో రెవెన్యూ శాఖ ఉత్తర్వుల్లో ఒకసారి సరిచూసుకోండి.

కౌలుదారుకు మీ వల్ల నష్టం రాకూడదు

నైతిక అంశాలు అన్న శీర్షిక కింద "గోప్యత పాటించబడును" అని ఒక లైను రాసి వదిలేయడం మామూలే. ఈ అంశంలో అది కుదరదు. కౌలుదారు మీతో చెప్పింది యజమాని చెవిన పడితే వచ్చే తొలకరికి ఆ పొలం ఇంకొకరి చేతికి పోతుంది. అందుకని ఏం చేస్తారో విడమర్చి రాయండి: పేర్లకు బదులు నంబర్లు, పేర్ల జాబితా వేరే పుస్తకంలో, మీ గదిలో, యజమాని ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడించకపోవడం, అదే ఊళ్లో ఆ కౌలుదారు యజమానినే ఎంచుకోవాల్సి వస్తే ఇద్దరి మాటల్నీ ఒకరికొకరికి చేరవేయకపోవడం. థీసిస్‌లో ఊరి పేరు కూడా మార్చాలా అన్నది ముందే తేల్చుకోండి. సంతకం గురించే భయపడుతున్న మనుషుల దగ్గర సమ్మతి పత్రం మీద సంతకం అడగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నోటిమాట సమ్మతికి నైతిక కమిటీ అనుమతి తీసుకుంటున్నట్టు, కారణంతో సహా రాయండి.

కాలపట్టిక

నెలలు కాదు, పంటలు చూసి వేయండి. నాట్లప్పుడు, కోతలప్పుడు ఎవరూ గంటన్నర కూర్చుని మాట్లాడరు. కొత్త కౌళ్లు వేసవిలో కుదురుతాయి, గడప గడప జాబితా ఆ తర్వాతే. వివరమైన మాటలు సార్వా కోతలు అయ్యాక. రోజుకు ముగ్గురితో మించి కుదరదు. 60 మంది అంటే ఇరవై పనిరోజులు, పెళ్లిళ్లు, వానలు, "రేపు రండి"లు కలుపుకుంటే నెలన్నర. అధ్యాయాల విభజనకు పేజీ చాలు.

భాష, ఫాంటు, పోలిక శాతం

తెలుగులో రాస్తుంటే యూనికోడ్‌లోనే రాయండి. గౌతమి, మండలి, ఏదైనా సరే. అను ఫాంట్లలో కొట్టినది ప్రింటులో ముచ్చటగా ఉంటుంది గానీ అందులో ఒక మాట వెతకలేరు, నాలుగేళ్ల తర్వాత ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలే. "చేయబడినది", "గమనించబడినది" అని కర్త లేకుండా రాయొద్దు. "నేను అడుగుతాను", "పరిశోధకుడు అడుగుతాడు", ఏదో ఒకటి. ఎవరు చేస్తారో తెలియాలి.

2018 యూజీసీ నిబంధనల ప్రకారం, ఇతరుల రాతలతో మీ రాతకు సాఫ్ట్‌వేర్ చూపించే పోలిక 10 శాతం వరకు పరవాలేదు. దాటితే శిక్షల మెట్లు మొదలవుతాయి. ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగులోకి దించి సొంతమన్నట్టు రాస్తే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు. అది దొంగతనమే, ఆ వ్యాసం చదివిన సభ్యుడు పట్టుకుంటాడు.

కమిటీ ముందు

పది నిమిషాలు ఇస్తారు. మొదటి ఐదింటిని కౌలు చరిత్రకు పెట్టకండి, వాళ్లకది తెలుసు. ప్రశ్న, పోటీపడే మూడు జవాబులు, ఊళ్లు, 60 మంది లెక్క: ఇవి చెప్పి ఆగండి. మామూలుగా వచ్చే మొదటి ప్రశ్న "మూడు ఊళ్లతో రాష్ట్రం గురించి ఎలా చెబుతావు?" "రాష్ట్రం గురించి చెప్పను సార్. ఏ పరిస్థితిలో ఏ కారణం పనిచేస్తుందో చెబుతాను" అనండి. రెండోది కాస్త గడుసుది: "జవాబు నీకు ముందే తెలిసినట్టుందే?" అప్పుడు ఒక కారణం నిజమైతే ఇంకో కారణం ఎలా కూలిపోతుందో ఆ పేజీ తెరిచి చూపించండి.

నా రెండో సినాప్సిస్‌కు అదే పెద్దాయన ఉన్నారు. ఈసారి పేజీలు తిప్పారు. ప్రశ్నపత్రం దగ్గర ఆగి, "ఇక్కడ ఎలుకల మందు, కలుపు కూలీ ఖర్చులు అడగలేదేం?" అన్నారు. రాసుకున్నాను.